కాపలావాడికి బీరువా తాళం ఎందుకు?

(ఒడిశా, గజపతి జిల్లా, పర్లాకిమిడిలో సంక్రాంతి సెలవుల్లో ఊరి తెలుగువాళ్లు పెట్టుకున్న సభలో ఒక కంప్యూటర్ మెకానిక్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. పెద్దలకు, సెలవులకి ఇంటికొచ్చిన కాలేజీ పిల్లలకు, పాతపట్నం నుంచి వచ్చిన మిత్రులకు కూడా.

మాస్టారు నన్ను పిలిచినప్పుడు, "వీడియో గేముల వల్ల నష్టాలేమిటో పిల్లలకి నాలుగు ముక్కలు చెప్పు నాయనా" అన్నారు. మాస్టారూ, ఆ నాలుగు ముక్కలు చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. నేను పదిహేనేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. గేములు అంతకన్నా ముందునుంచీ ఆడుతున్నాను. ఇంట్లోనూ షాపులోనూ నాది లైనక్సే, అంటే విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. అందుకని నాకు తెలిసిన విషయం ఒకటి చెబుతాను. మనం డబ్బు పెట్టి కొనుక్కున్న కంప్యూటర్లో, డబ్బు పెట్టి కొనుక్కున్న ఆట ఆడుతున్నప్పుడు, ఆ కంప్యూటర్ మీద పెత్తనం ఎవరిది? ఇదే నా ప్రశ్న.

ముందు ఈ బల్ల మీదున్న పెట్టె చూడండి. ఒకాయన అమ్మేద్దామని మా షాపుకి తెచ్చారు. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. విండోస్ 11 దీన్ని గడప దాటనివ్వదు, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. విండోస్ 10కేమో 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసింది. అంటే లెక్కప్రకారం ఇది చెత్త. నేను పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టాను, సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన ఆర్ఎక్స్ 570 గ్రాఫిక్స్ కార్డు వేశాను, లైనక్స్ మింట్ ఎక్కించాను. ఇప్పుడు తెర మీద మీరు చూస్తున్నది ది విచర్ 3. 2015లో విండోస్ కోసం వచ్చిన ఆట. లైనక్స్‌కి ఎన్నడూ రాలేదు. మూలన ఉన్న అంకె చూడండి, అరవై దగ్గర నిలబడింది. సెకనుకి అరవై బొమ్మలు. నిన్న రాత్రి మొదటిసారి తెరిచినప్పుడు వల్కన్ షేడర్లు, అంటే బొమ్మలు గీసే చిన్న ప్రోగ్రాములు, సిద్ధం చేసుకుంటున్నానని ఆటలు అమ్మే స్టీమ్ ప్రోగ్రాము కాసేపు ఆగమంది. మా ఆవిడ పెట్టిన టీ తాగి వచ్చేసరికి ఆట సిద్ధం.

లైనక్స్‌కి రాని ఆట లైనక్స్‌లో ఎలా ఆడుతోంది? ఈ ఊరి వాళ్లకి ఇది చెప్పడం చాలా తేలిక. మన బజారుకి వెళ్లండి. కొండ మీంచి అల్లం, పసుపు దింపిన సవర అమ్మాయి సవరలో ధర చెబుతుంది. షావుకారు తెలుగులో బేరమాడతాడు. పక్కన నిలబడ్డ కుర్రాడు మధ్యలో ఒడియా కలిపి ఇటుది అటు, అటుది ఇటు చెప్పేస్తాడు. బేరం ఎక్కడా ఆగదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇదే ఊళ్లో పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని దానికి నిఘంటువు కట్టారంటే, అలాంటి నేల ఇది. కంప్యూటర్లో ఆ కుర్రాడి పని చేసేది వైన్ అనే ప్రోగ్రాము. 1993లో మొదలైంది. ఆట విండోస్ భాషలో "ఈ ఫైలు తెరు, ఈ బొమ్మ గియ్యి" అంటుంది, వైన్ దాన్ని లైనక్స్ భాషలో చెబుతుంది. విండోస్ కంప్యూటర్‌ని మొత్తంగా అనుకరించదు, మాట మాత్రం మారుస్తుంది. అందుకే వేగం పెద్దగా తగ్గదు.

చాలా ఏళ్లు వైన్‌తో గేములంటే తలనొప్పే. రాత్రంతా కూర్చుని సెట్టింగులు మార్చితే ఆట తెరుచుకునేది, మనిషి ముఖం ఉండాల్సినచోట నల్లమచ్చ ఉండేది. ఫిలిప్ రెబోలె అనే ఒక ప్రోగ్రామర్ తనకిష్టమైన నియర్ ఆటోమేటా ఆటని లైనక్స్‌లో ఆడుకోవాలని డీఎక్స్‌వీకే రాయడం మొదలుపెట్టాడు. విండోస్ బొమ్మల భాష డైరెక్ట్ఎక్స్‌లో అడిగిన బొమ్మని, లైనక్స్‌లో పనిచేసే వల్కన్‌లో గీయించే దుబాసీ అది. స్టీమ్ నడిపే వాల్వ్ కంపెనీ అతని పనికి డబ్బు పెట్టింది, వైన్‌ని డీఎక్స్‌వీకేని కలిపి 2018 ఆగస్టులో ప్రోటాన్ పేరుతో స్టీమ్‌లోనే పెట్టేసింది. ఒక మనిషి తన ఇష్టం కొద్దీ మొదలుపెట్టిన పని ఇవాళ పర్లాకిమిడిలో ఒక పాత పెట్టెని చెత్తలో పడకుండా ఆపింది. నాకు ఈ విషయం ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు.

2022లో అదే కంపెనీ స్టీమ్ డెక్ అని చేతిలో పట్టుకునే మెషీను తెచ్చింది. దాని లోపల ఉన్నది లైనక్సే. మన దేశంలో అధికారికంగా అమ్మడం లేదు కానీ దాని పుణ్యమా అని గేము కంపెనీలు లైనక్స్ వైపు తలతిప్పి చూశాయి. స్టీమ్ సర్వేలో లైనక్స్ వాటా 2025 అక్టోబరులో మొదటిసారి మూడు శాతం దాటింది. నూటికి ముగ్గురేనా అనకండి. స్టీమ్‌లో ఒకేసారి నాలుగు కోట్లమందికి పైగా లాగిన్ అయి ఉన్న రోజులున్నాయి.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒంటరిగా ఆడే ఆటలకి ఇప్పుడు దాదాపు బెంగ లేదు. నలుగురితో ఆడేవాటి దగ్గరే వస్తోంది చిక్కు.

మా మేనల్లుడు గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడికి నేనే లైనక్స్ పెట్టిచ్చాను. ఒక షూటింగ్ గేము రెండేళ్లు ఆడాడు, లైనక్స్‌లోనే, ఏ ఇబ్బందీ లేకుండా. ఆట పేరు చెప్పను. ఒకరోజు అప్‌డేట్ వచ్చింది. అది ఎక్కాక, మ్యాచ్ మొదలవడానికి ముందు చిన్న కిటికీ తెరుచుకుంది, మీ సిస్టమ్‌కి అనుమతి లేదని. స్నేహితులు నలుగురూ లోపల, వీడొక్కడూ బయట. రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "మామయ్యా, నేనేం తప్పు చేశాను? దొంగాట ఆడేవాడిని గెంటేసినట్టు గెంటేశారేటి?" అన్నాడు. వాడి గొంతు నాకు ఇప్పటికీ గుర్తు. ఆ ఆటలో వాడు కొనుక్కున్నవన్నీ ఆ ఖాతాలోనే ఉండిపోయాయి. కంపెనీకి మెయిలు రాశాం. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబొచ్చింది.

ఇది మా ఇంటి గొడవ ఒక్కటే కాదు. అందరికీ తెలిసినవి చెబుతాను. 2024 మేలో లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కి వాన్‌గార్డ్ అనే కాపలా ప్రోగ్రాము తగిలించారు, లైనక్స్‌లో ఆడేవాళ్లకి దారి మూసుకుపోయింది. ఆ సెప్టెంబరులో జీటీఏ ఆన్‌లైన్‌కి బ్యాటిల్‌ఐ అనే ఇంకో కాపలా ప్రోగ్రాము వచ్చింది, మళ్లీ అదే కథ. అక్టోబరు 31న ఏపెక్స్ లెజెండ్స్ లైనక్స్‌ని ఆపేసింది, స్టీమ్ డెక్‌తో సహా. 2025 అక్టోబరులో వచ్చిన బ్యాటిల్‌ఫీల్డ్ 6 అయితే మొదటిరోజు నుంచే తలుపు వేసుకుని కూర్చుంది.

ఎందుకిలా? దొంగాటగాళ్లు ఉన్నమాట నిజం. గోడ వెనకున్న మనిషిని చూపించే ప్రోగ్రాములు, గురి తప్పనివ్వని ప్రోగ్రాములు డబ్బుకి అమ్ముతున్నారు. అలాంటివాడు ఒక్కడుంటే మిగతా తొమ్మిదిమంది సాయంత్రం పాడవుతుంది. నేనూ ఆ కోపం పడ్డవాడినే. కాపలా వద్దని నేను ఎప్పుడూ అనను.

కానీ ఆ కాపలావాడు ఎక్కడ కూర్చుంటానంటున్నాడో చూడండి. కంప్యూటర్లో మామూలు ప్రోగ్రాములు ఉండేది ముందు గదిలో అనుకోండి. అన్నిటికీ లోపల కెర్నెల్ అని ఒకటుంటుంది. మెమరీ, డిస్కు, కీబోర్డు అన్నీ దాని చేతిలోనే. అక్కడికి చేరినవాడికి చాటు అనేది లేదు. మీ బ్యాంకు పాస్‌వర్డు, మీ అమ్మాయి ఫొటోలు, మీ ఆఫీసు ఫైళ్లు అన్నీ వాడి కళ్లముందే. ఈ కొత్తరకం యాంటీ చీట్ ప్రోగ్రాములు అక్కడే కూర్చుంటాయి. వాన్‌గార్డ్ అయితే మీరు ఆట తెరవకముందే, కంప్యూటర్ ఆన్ అవుతూనే లేచి కూర్చుంటుంది. వీధిలో దొంగతనాలు జరుగుతున్నాయని ఒకడిని కాపలా పెట్టుకున్నాం. వాడు "నాకు మీ బీరువా తాళం ఇవ్వండి, రాత్రిళ్లు బీరువా గదిలోనే పడుకుంటాను" అంటే మనలో ఎవరైనా ఇస్తామా?

వాడు మంచివాడే కావచ్చు. వాడి జేబులోంచి తాళం ఇంకొకడు కొట్టేస్తే? ఇది ఊహించి చెబుతున్నది కాదు. గెన్షిన్ ఇంపాక్ట్ ఆట తాలూకు యాంటీ చీట్ డ్రైవర్ని, అంటే కెర్నెల్లో కూర్చునే భాగాన్ని, 2022లో రాన్సమ్‌వేర్ దొంగలు, అంటే ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజేవాళ్లు, వాడుకున్నారు. ఆ ఆట లేని కంప్యూటర్లలోకి కూడా ఆ డ్రైవర్ ఫైలు ఒక్కటే తెచ్చిపెట్టి, దాని సాయంతో యాంటీవైరస్‌ని చంపేశారు. డిజిటల్ సంతకం ఉన్న అసలైన డ్రైవర్ కాబట్టి విండోస్ దాన్ని నమ్మేసింది. 2024 జులై 19న విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు, గుర్తుందా? అది గేము వల్ల జరిగింది కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ ప్రోగ్రాము కెర్నెల్లో కూర్చుని ఉంది, దానికొచ్చిన ఒక తప్పు ఫైలుతో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర వేసుకుని పడిపోయాయి. ఆసుపత్రులకీ బ్యాంకులకీ పనిచేసే కంపెనీకే ఆ పొరపాటు జరిగితే, బొమ్మ తుపాకుల ఆటకి ఆ గదిలో చోటెందుకు?

లైనక్స్ ఎందుకు బయట పడిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మన దుబాసీ కుర్రాడు మాట మార్చగలడు. కెర్నెల్లోకి విండోస్ డ్రైవర్ని తెచ్చి కూర్చోబెట్టడం వాడి పని కాదు.

వెనక నుంచి ఒక తమ్ముడు అడుగుతున్నాడు, "అన్నా, దొంగాటగాళ్లు లైనక్స్‌లోంచే వస్తున్నారని కంపెనీ వాళ్లే చెప్పారు కదా" అని. చెప్పారు. ఏపెక్స్ వాళ్లు అదే కారణం చూపించారు. లైనక్స్‌లో కెర్నెల్ యజమాని చేతిలో ఉంటుంది, కావాలంటే మార్చుకోవచ్చు, కాబట్టి బయటివాడు దాన్ని పూర్తిగా నమ్మలేడు. ఇందులో నిజం ఉంది తమ్ముడూ, దాచను. కానీ కెర్నెల్ కాపలా పెట్టినచోట దొంగలు ఆగారా? ఇప్పుడు డీఎంఏ కార్డులని వచ్చాయి. కంప్యూటర్లో ఒక కార్డు గుచ్చి, ఇంకో కంప్యూటర్తో మెమరీ చదివేస్తారు. అంటే దొంగ ఇల్లు మారాడు, మన బీరువా తాళం మాత్రం పోయింది.

వేరే దారి లేదా అంటే ఉంది. గోడ వెనకున్న శత్రువు ఎక్కడున్నాడో సర్వరు, అంటే అందరినీ కలిపి ఆట నడిపే కంప్యూటర్, నా కంప్యూటర్‌కి పంపకపోతే, నేను ఏ ప్రోగ్రాము పెట్టుకున్నా కనపడడు. వాన్‌గార్డ్ వాడే వాలరెంట్ అనే ఆట వాళ్లే సర్వరు దగ్గర ఈ పని చేస్తున్నారు, మంచి పని. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 లైనక్స్‌లో నేరుగా ఆడతాయి, కెర్నెల్ జోలికి రావు. వాటిలో దొంగలు లేరని నేననను, కౌంటర్ స్ట్రైక్‌లో బాగానే ఉన్నారు. అయినా ఆ ఆటలు బతికే ఉన్నాయి. ఇంకో సంగతి. బ్యాటిల్‌ఐ, ఈజీ యాంటీ చీట్ రెండూ 2021 సెప్టెంబరు నుంచే ప్రోటాన్‌తో పనిచేయగలవు. ఆట తయారుచేసినవాళ్లు ఒప్పుకోవాలి, అంతే. ఎల్డెన్ రింగ్ వాళ్లు ఒప్పుకున్నారు, లైనక్స్‌లో నలుగురూ కలిసి ఆడుతున్నారు. కాబట్టి చాలాచోట్ల అడ్డం సాంకేతికం కాదు, కంపెనీ నిర్ణయం. నిర్ణయాన్ని నిలదీసి అడగొచ్చు.

హార్డ్‌వేర్ గురించి ఎక్కువ చెప్పను, షాపుకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం. ఒకటి రెండు మాటలు మాత్రం. లైనక్స్‌లో గేములకి ఏఎండీ గ్రాఫిక్స్ కార్డు సుఖం. డ్రైవర్ కెర్నెల్‌తోనే వస్తుంది, మీరు చెయ్యాల్సిందేమీ ఉండదు. ఎన్విడియా కార్డులున్నవాళ్లు భయపడొద్దు, 2022లో వాళ్లు డ్రైవర్లో కెర్నెల్ భాగం కోడ్‌ని అందరికీ తెరిచాక పరిస్థితి మెరుగవుతోంది. అయితే ఏఎండీకి కూడా సంకెళ్లున్నాయి. తెరకి బొమ్మ పంపే హెచ్‌డీఎమ్ఐ 2.1 కోసం వాళ్లు ఓపెన్ డ్రైవర్ రాసి పెట్టుకుంటే, ఆ ప్రమాణం చూసుకునే హెచ్‌డీఎమ్ఐ ఫోరమ్ 2024లో ఒప్పుకోలేదు. అందుకని మానిటర్‌కి డిస్‌ప్లేపోర్టు ఉంటే ఆ కేబులే వాడండి. ర్యామ్ ఇప్పుడు కొనాల్సి వస్తే గుండె రాయి చేసుకోండి. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ అంతా పోతోంది. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించేసింది. అందుకే ఉన్న పాత పెట్టెల్ని బతికించుకోవాలని అంతగా చెబుతున్నాను. ఆన్‌లైన్ ఆటకి వైఫై డాంగిల్ నమ్ముకోవద్దు, లాన్ కేబుల్ లాగించుకోండి. మన దగ్గర్నుంచి చెన్నై, ముంబై సర్వర్ల దాకా మాట వెళ్లి రావాలి, ఇంట్లో గోడ దగ్గరే ఆలస్యం తెచ్చుకోవడం ఎందుకు?

ఇప్పుడు తల్లిదండ్రులకి ఒక మాట. మీ అబ్బాయి ఆట కొన్నానంటాడు. నిజానికి చాలావరకు కొన్నది ఆట కాదు, ఆడుకోవడానికి అనుమతి. యూబీసాఫ్ట్ వాళ్ల ది క్రూ అనే కార్ల ఆట ఉండేది. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడాలన్నా సర్వరు కావాలి కాబట్టి డబ్బిచ్చి కొన్నవాళ్లందరి ఆటా ఆ రోజుతో పోయింది. రాస్ స్కాట్ అనే ఆయన దానిమీద స్టాప్ కిల్లింగ్ గేమ్స్ ఉద్యమం మొదలుపెట్టాడు. 2025 జులైలో యూరప్‌లో ఆ పిటిషన్‌పై సంతకాలు పది లక్షలు దాటాయి. వాళ్లు అడిగేది ఏమంత పెద్ద కోరిక కాదు. సర్వర్లు శాశ్వతంగా నడపమని అనడం లేదు. మూసేసేముందు, కొన్నవాళ్లు తమంతట తాము ఆడుకునేలా ఆటని వదిలి వెళ్లమంటున్నారు. ఇల్లు ఖాళీ చేసేవాడు పెరట్లో బావి పూడ్చి పోకూడదు కదా. కాంకార్డ్ అనే ఆట 2024లో వచ్చిన రెండు వారాలకే మూతపడింది, కానీ సోనీ వాళ్లు కొన్న అందరికీ డబ్బు వాపసు ఇచ్చారు. ఆ మర్యాద అన్నిచోట్లా ఉండాలని నా కోరిక.

ఈ బావి మాట వచ్చింది కాబట్టి నా చిన్నప్పటిది ఒకటి చెబుతాను. బరంపురంలో డిప్లమా చదివేటప్పుడు బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్లేవాళ్లం. పన్నెండు కంప్యూటర్లు. గంటకి పదిహేను రూపాయలు. ఇంటర్నెట్ రోజులో సగం సేపు ఉండేది కాదు. అయినా కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆగేది కాదు. ఓనర్ అన్నయ్య గల్లాపెట్టె పక్కనున్న కంప్యూటర్లోనే సర్వరు నడిపేవాడు. మ్యాపు ఆయన మార్చేవాడు. ఎవడైనా దొంగాట ఆడితే వెనక నుంచి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచి, "లేవరా, నీ గంట అయిపోయింది" అనేవాడు. అదే మా యాంటీ చీట్. తెలుగువాళ్లం, ఒడియావాళ్లం ఒకే జట్టులో ఉండేవాళ్లం. "పఛరె అఛి" అని ఎవరో అరిస్తే వెనక ఉన్నాడని అందరం తిరిగేవాళ్లం. నాకు ఒడియా సగం వచ్చింది ఆ సెంటర్లోనే. ఆ సర్వరుని ఏ అమెరికా కంపెనీ ఆపగలిగేది కాదు.

అలాంటి ఆటలు ఇప్పుడూ ఉన్నాయి. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ కొంటే సర్వరు మన ఇంట్లో నడుపుకోవచ్చు. డబ్బు అక్కర్లేనివి కావాలంటే, సూపర్‌టక్స్‌కార్ట్ అని కార్ల పందెం ఉంది, 2019 నుంచి నెట్‌వర్క్‌లో కూడా ఆడొచ్చు. జొనోటిక్ షూటింగ్ ఆట, మహా జోరు. జీరో ఏడీలో మౌర్యుల సైన్యం కూడా ఉంది, ఏనుగులతో సహా, చరిత్ర ఇష్టపడే మాస్టారికి నేను అది తప్పకుండా చూపిస్తాను. లుయాంటి ఉంది, పాత పేరు మైన్‌టెస్ట్, మైన్‌క్రాఫ్ట్‌లా దిమ్మెలు పేర్చి ఊళ్లు కట్టుకోవచ్చు. వీటి సోర్స్ కోడ్, అంటే ఆట రాసిన అసలు రాత, అందరి దగ్గరా ఉంటుంది. తయారుచేసినవాళ్లు రేపు మానేసినా ఆట మన దగ్గరే ఉంటుంది.

పోయిన దసరాకి మా వీధి పిల్లలు ఆరుగురు లుయాంటిలో మహేంద్రతనయ నది తవ్వారు. గజపతి ప్యాలెస్ కట్టడం మొదలుపెట్టారు, ఇంకా పైకప్పు వేయలేదు. అందులో ఒక సవర పిల్లాడు తన ఇంటి ముందు పలక పెట్టి సవర భాషకున్న సోరా సోంపెంగ్ లిపిలో పేరు రాసుకుంటానన్నాడు. ఆ లిపి 2012లోనే యూనికోడ్‌లోకి, అంటే కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షరాల జాబితాలోకి, చేరింది, ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. ఆటలో ఆ ఫాంటు ఎక్కించడానికి నాకు ఒక పూట పట్టింది. పెద్ద కంపెనీ ఆటలో నేను ఎవరినని అడగాలి, ఎన్నేళ్లు ఎదురుచూడాలి? ఇక్కడ ఫైలు తెరిచాను, మార్చాను, మళ్లీ నడిపాను. పలక మీద తన అక్షరాలు కనబడగానే వాడు తెర మీద వేలు పెట్టి చదివాడు.

ఆ ఊరు ఈ పెట్టెలోనే ఉంది. పక్క గదిలో నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు, వాటిని కలిపే ఒక నెట్‌వర్క్ స్విచ్చి పెట్టాను, యూపీఎస్ మీద ఉన్నాయి కాబట్టి కరెంటు పోయినా అరగంట ఆడుకోవచ్చు. ఇంటర్నెట్ అక్కర్లేదు. అడ్రసు బోర్డు మీద రాశాను, 192.168.1.10, పోర్టు 30000. పేరు ఏ భాషలో పెట్టుకుంటారో మీ ఇష్టం. మాస్టారూ, మీరు కూడా రండి, ప్యాలెస్ పైకప్పు ఎలా ఉంటుందో పిల్లలకి మీరే చెప్పాలి.